ఆవిడ ఫొటో వేస్తానని మాటిచ్చాను

(చెన్నై టీ నగర్‌లో ఒక డాక్యుమెంటరీ ప్రదర్శన తర్వాత, మరుసటి వారం జరిగిన చర్చాసభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, నన్ను వడపళని నుంచి జాగ్రత్తగా తీసుకొచ్చిన అమ్మాయికి, ఇంత వానలోనూ వచ్చిన మీ అందరికీ నమస్కారం. పది నిమిషాలు మాట్లాడమన్నారు. కాస్త ఎక్కువే తీసుకుంటాను, ముందే చెప్తున్నాను.

పోయిన ఆదివారం ఇదే హాల్లో 'ది సెప్టెంబర్ ఇష్యూ' చూశాం. ఆర్.జె. కట్లర్ తీశారు, 2009లో వచ్చింది. అమెరికా ఫ్యాషన్ పత్రిక 'వోగ్' 2007 సెప్టెంబర్ సంచిక ఎలా తయారైందో అందులో చూపించారు. సినిమా అయ్యాక కాఫీల దగ్గర మీరు అనుకున్న మాటలన్నీ విన్నాను. ఆ ఎడిటర్ అన్నా వింటూర్‌కి గుండె లేదన్నారు ఒకరు. అదే మగ ఎడిటరైతే ఎంత సమర్థుడో అనేవారు కదా అంది వెనక వరుసలో ఓ అమ్మాయి. బాగా అంది. బట్టల కోసం ఇంత హడావుడా అని ఓ పెద్దాయన విసుక్కున్నారు. ఎక్కువమంది మాత్రం అక్కడి క్రియేటివ్ డైరెక్టర్ గ్రేస్ కాడింగ్టన్ పక్షం, ఆ ఎర్రజుట్టావిడ పక్షం.

నేను ఆ రోజు నోరు విప్పలేదు. విప్పితే ఏడుపొచ్చేది. ఇవాళ అడిగి మరీ మైకు తీసుకున్నాను.

ఆ సంచిక 840 పేజీలు. రెండు కిలోల పైచిలుకు బరువు. అందులో 727 పేజీలు ప్రకటనలే! మిగిలిన నూట చిల్లర పేజీల కోసమే ఆ పరుగులూ, ఆ అలకలూ. చలికాలం బట్టలు దుకాణాల్లోకి దిగే సమయం కాబట్టి అక్కడ సెప్టెంబర్ సంచికకి అంత గిరాకీ. మనకి దీపావళి ప్రత్యేక సంచిక అలాంటిదే. మద్రాసు నుంచి తెలుగు పత్రికలు వచ్చే రోజుల్లో దీపావళి ముందు నెలరోజులు ఏ ఆఫీసులోనూ ఎవరూ వేళకి ఇంటికి వెళ్లేవాళ్లు కాదు.

నేనూ ఒక ఆడవాళ్ల మాసపత్రికలో పేస్టప్ ఆర్టిస్టుగా చేశాను. పత్రిక పేరు చెప్పను. ఇప్పుడది లేదు, నడిపినవాళ్లూ లేరు. పేస్టప్ అంటే ఈ పిల్లలకి తెలియదు. ఫొటోటైప్ సెట్టింగ్ నుంచి అక్షరాలు బ్రోమైడ్ కాగితం మీద పొడుగ్గా వచ్చేవి. కాలమ్ కాలమ్‌గా కట్టర్‌తో కోసి, వెనక గమ్ము రాసి, నీలం గీతల మీద వంకర లేకుండా అంటించాలి. తెలుగులో ఒక తిప్పలుండేది. ఒత్తు కింద లైనుకి తగిలితే తెగేది, గుడి పైన తెగితే 'ది' ఏ అక్షరమో తెలిసేది కాదు. తెగిన ఒత్తులు వేలిమీద పెట్టుకుని వెతికి అతికించేదాన్ని. చందమామ అనగానే మీకు వడ్డాది పాపయ్యగారి అట్టలు, చిత్రా, శంకర్ బొమ్మలు గుర్తొస్తాయి. రావాలి కూడా. బొమ్మ మీద సంతకం ఉంది. 1947 నుంచి ఆ సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చిన కంపోజిటర్ల పేర్లు మనలో ఎవరికి తెలుసు? ఒక్కరికైనా తెలుసా? చేయి ఎత్తండి.

సరే, అసలు సంగతికి వస్తాను.

1985 దీపావళి సంచికకి వెంకటగిరి చీరల మీద ఎనిమిది పేజీలు అనుకున్నాం. ఫొటోగ్రాఫర్, ఒక సబెడిటర్, నేను బస్సెక్కి వెళ్లాం. ఒక ఇంట్లో గుంట మగ్గం మీద ఆయన జాందానీ బుటా, అంటే నేతలోనే వచ్చే పువ్వు, నేస్తున్నాడు. పడుగు దారాలు లెక్కపెట్టుకుంటూ ఒక్కో పువ్వుకీ విడిగా జరీ తిప్పాలి, ఒక్క వరస తప్పితే పువ్వు వంకరపోతుంది. ఆయన భార్య పక్కన రాట్నం మీద కండెలు చుడుతోంది. చుట్టీ చుట్టీ ఆవిడ చూపుడువేలు మీద నూలు కోసిన గీత పడింది. చర్మం అక్కడ గట్టిపడి తెల్లగా మెరుస్తోంది.

చీర కట్టుకుని గుమ్మంలో నిలబడమన్నాం. చీర మాది కాదమ్మా, షావుకారుదంది. ఆయన్ని అడిగి ఒప్పించి వచ్చాం. ఆవిడ చేతులు రెండుసార్లు కడుక్కుంది. తడి ఆరేదాకా చీర ముట్టుకోలేదు. కట్టుకుని వచ్చి, "ఎన్నో మడతలు పెట్టాను గానీ కట్టుకోవడం ఇదే" అంది. మా ఫొటోగ్రాఫర్ బటన్ నొక్కడం మర్చిపోయి అలా చూస్తుండిపోయాడు. బయల్దేరేటప్పుడు బస్సుదాకా వచ్చింది. "పుస్తకంలో వస్తుందా?" అని అడిగింది. దీపావళికి వస్తుంది, నేనే పోస్టులో పంపిస్తానని చెప్పాను.

మాటిచ్చాను.

మా పత్రికకి రంగుల్లో అచ్చయ్యే ఫారం ఒక్కటే, అంటే ఎనిమిది పేజీలు. మిగతాదంతా నలుపు తెలుపు. రంగు ప్రకటన వస్తే దానికి వేరే చోటు లేదు, ఆ ఎనిమిదిలోంచే ఏదో లేవాలి. పేజీలు అచ్చు ప్లేట్లకి వెళ్లే ముందు రాత్రి ఆరు పేజీల ప్రకటనలు వచ్చాయి. మా ఎడిటర్‌గారు లైట్ టేబుల్ దగ్గరికి వచ్చి ఆరు పేజీలు పక్కకి తీశారు. మిగిలిన రెండింటిలో పెద్ద ఫొటో కూడా తీయించి ఒక సినిమానటి ఫొటో ఇచ్చారు. నేనే అంటించాను, ఈ చేతుల్తోనే. ఆయన చెడ్డవారని నేను అనను. ఆ ప్రకటనల డబ్బుతోనే నాకు జీతం వచ్చింది.

అందుకే అన్నా వింటూర్‌ని తిడుతుంటే నాకు మనసొప్పలేదు. గోడ మీద చిన్న చిన్న పేజీలు వరుసగా పెట్టి, ఇది వద్దని ఆవిడ తీసేస్తుందే, అలా తీసేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి. అన్నా, గ్రేస్ 1988లో ఒకేసారి ఆ పత్రికలో చేరారు. ఇరవై ఏళ్లు కొట్లాడుకుంటూ కలిసి పనిచేశారు. గ్రేస్ ఒకప్పుడు మోడల్, కారు ప్రమాదంలో కనురెప్ప దెబ్బతింది. బొమ్మలో ఉండటం, బొమ్మలోంచి తప్పుకోవడం రెండూ తెలిసిన మనిషి. ఆవిడ కూడా మొదట్లో కెమెరాని దగ్గరికి రానివ్వలేదు. ఆ కెమెరా పట్టుబట్టి తిరగబట్టే ఇవాళ చెన్నైలో మనం ఆవిడ పేరు పలుకుతున్నాం.

సినిమా చివర్లో, ఆ డాక్యుమెంటరీ తీస్తున్న కెమెరామన్‌నే గ్రేస్ ఫొటోలోకి లాగి మోడల్‌తో పాటు గెంతిస్తుంది గుర్తుందా? అతని పొట్ట తగ్గించి చూపించాలంటుంది అన్నా. గ్రేస్ ఫోన్ చేసి ఆ పొట్ట జోలికి పోవద్దంటుంది. మోడళ్లు ఎలాగూ తీర్చిదిద్దినట్టే ఉంటారు, ఒక్క మామూలు మనిషిని మామూలుగా ఉండనివ్వండని. మీరంతా నవ్వారు. నాకు మాత్రం వెంకటగిరి గుమ్మం కళ్లముందుకొచ్చింది. అలాంటి ఫోన్ నేను చేయలేదు. ఒక్క ఫొటో ఉంచండి సార్ అని అనలేదు. ఇరవై నాలుగేళ్లదాన్ని, ఉద్యోగం పోతుందని భయం.

ఇంకొకటి చెప్పాలి. ఫొటోల కింద రాసే క్యాప్షన్లు మేం అన్నిటికన్నా ఆఖర్న రాసేవాళ్లం. పేజీ లేచిపోయింది కాబట్టి క్యాప్షన్ రాయలేదు. క్యాప్షన్ రాయలేదు కాబట్టి ఆవిడ పేరు ఎక్కడా లేదు. సబెడిటర్ నోట్‌బుక్కులో ఉండేది, అది ఆఫీసు ఖాళీ చేసినప్పుడు పాత కాగితాల బండెక్కింది. నేను అడిగి తెలుసుకున్నాను, నా బుర్రలో ఉందనుకున్నాను. లేదు.

మీ అటకల మీద పాత పత్రికలుంటే, మీ ఇళ్లలో ప్రెస్సులో, బైండింగులో, కంపోజింగులో చేసిన పెద్దవాళ్లుంటే ఇవాళే కూర్చోబెట్టి పేర్లు అడగండి. ఫొటోల వెనక పెన్సిల్‌తో రాయండి. రేపు అనకండి.

ఆ రాత్రి పక్కన పడేసిన వాటిలోంచి ఆవిడ ఫొటో ట్రాన్స్‌పరెన్సీ, అంటే రంగుల ఫిల్ము ముక్క, ఒక్కటి నేను తెచ్చుకున్నాను. ఇదిగో, ఈ కవర్లో ఉంది. కాస్త ఎరుపెక్కింది గానీ మొహం బాగా కనిపిస్తుంది. ఈ వరస నుంచి మొదలుపెట్టి అందరికీ పంపుతున్నాను. అంచులు పట్టుకోండి, మధ్యలో వేలు పెట్టకండి. ట్యూబ్‌లైటుకి ఎదురుగా పెట్టి చూడండి. మీలో వెంకటగిరివాళ్లు ఉన్నారని నాకు తెలుసు. నెమ్మదిగా చూడండమ్మా, తొందరేం లేదు. ఆవిడ ఎవరో ఎవరికైనా తెలుస్తుందేమో.