తుపాకీ కంటే ముందు లైసెన్సు రావాలి

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

పోయిన వారం మన విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజార్ దగ్గర ఒక అక్క నన్ను ఆపి అడిగారు. "తమ్ముడూ, మావాడు అమెరికా నుంచి పూర్తిగా వచ్చేస్తున్నాడు, వాడి పిస్టల్ కూడా సామానుతో తెచ్చేస్తానంటున్నాడు, ఏం కాదు కదా?" అని. ఆవిడ ఇక్కడే ఉన్నారు, పేరు చెప్పను. కూరగాయల సంచి పట్టుకుని నిలబడి చెప్పే జవాబు కాదు కాబట్టి ఇక్కడికి రమ్మన్నాను.

నేను ఇరవై రెండేళ్ళు మన పోర్టు దగ్గర క్లియరింగ్ పని చేశాను. విదేశాల నుంచి కాపురం ఎత్తేసి వచ్చేవాళ్ళ టీవీలు, సోఫాలు, మంచాలు, అన్నిటికీ కాగితాలు రాసినవాణ్ణి. ఫ్రిజ్ విషయంలో కాగితం తప్పితే డబ్బు పోతుంది, తుపాకీ విషయంలో తప్పితే మీ అబ్బాయి ఆ రాత్రి పోలీసుస్టేషన్‌లో ఉంటాడు. అందుకే నాకింత కంగారు.

మొదటి మాట. విదేశం నుంచి ఒక మామూలు మనిషి తుపాకీ తెచ్చుకోవడం మన దేశంలో నిషేధం. పోటీల్లో కాల్చే క్రీడాకారుల దారి వేరు, దాని జోలికి ఇవాళ పోను. మనలాంటివాళ్ళకి ఉన్నది ఒక్క సందు. అక్కడి నివాసం వదిలేసి, కనీసం ఏడాది ఇక్కడ ఉండటానికి వచ్చేవాళ్ళు ఒకే ఒక్క తుపాకీ తెచ్చుకోవచ్చు. అది ఇక్కడ అనుమతి ఉన్న బోర్‌ది, అంటే గొట్టం లోపలి కొలతది, అయ్యుండాలి, అక్కడ కనీసం ఏడాది మీ దగ్గరే ఉండి మీరు వాడినదై ఉండాలి, ఇక్కడి లైసెన్సు మీ చేతిలో ఉండాలి, కస్టమ్స్ డ్యూటీ కట్టాలి, ఎందుకంటే సుంకం లేకుండా తెచ్చుకునే ఫ్రీ అలవెన్స్‌లో తుపాకీ రాదు. విడిపించుకున్నాక మీరు బతికున్నంతకాలం దాన్ని అమ్మకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు, వాడుకుని ఇచ్చేయమని కూడా ఇవ్వకూడదు. "ఇక్కడ మంచి రేటు వస్తుందట" అనేవాళ్ళు ఈ ముక్క రెండుసార్లు వినండి.

లైసెన్సు ఎవరిస్తారు? మామూలుగా కలెక్టరు. కానీ 1959 ఆయుధాల చట్టం ప్రకారం పోలీస్ కమిషనర్ ఉన్న చోట ఆ అధికారం కమిషనర్‌దే, కాబట్టి విశాఖ సిటీలో ఉండేవాళ్ళు వెళ్ళాల్సింది కమిషనర్ ఆఫీసుకి. ఇరవై ఒక్కేళ్ళు నిండాలి, 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం ఫారం ఏ-1 లో దరఖాస్తు పెట్టాలి, తుపాకీ భద్రంగా వాడటం నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ ఉండాలి, మీ స్టేషన్ నుంచి విచారణకి వస్తారు. ఎందుకు కావాలో చెప్పాలి. వేటకని చెప్పడానికి లేదు, 1972 నుంచి వన్యప్రాణి చట్టం ఉంది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, ఇంట్లో తాతగారివి రెండూ మీ పేరు మీదే ఉంటే మూడోదానికి చోటు లేదు. ఇదంతా తుపాకీ అక్కడ బయల్దేరకముందే అయిపోవాలి. సామాను వచ్చేశాక లైసెన్సు కోసం తిరగడం మొదలుపెట్టిన కుటుంబాన్ని నేను చూశాను, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకి వద్దాం. అమెరికాలో మనవాళ్ళు ఎక్కువగా కొనేది 9 ఎంఎం పిస్టల్. మన దగ్గర సర్వీస్ 9 ఎంఎం తూటా, అంటే సైన్యం, పోలీసులు వాడే తూటా, పట్టే పిస్టల్ ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషేధించిన బోర్, కిందకి వస్తుంది. అక్కడ సూపర్ మార్కెట్‌కి వెళ్ళినంత తేలిగ్గా కొన్న వస్తువు, ఇక్కడ కమిషనర్ గారు ఇవ్వగలిగిన లైసెన్సులో ఉండనే ఉండదు. పాయింట్ 32, పాయింట్ 22, 12 బోర్ అయితే మాట్లాడుకోవచ్చు.

అమెరికా వైపు కూడా తలుపు ఉంది, అది మనవాళ్ళు మర్చిపోతారు. ప్రయాణంలో వెంట తీసుకెళ్ళి మళ్ళీ వెనక్కి తెచ్చేవాళ్ళకి వాళ్ళ రూల్స్‌లో మినహాయింపు ఉంది, అదీ సిటిజన్లకి, గ్రీన్ కార్డువాళ్ళకి. శాశ్వతంగా ఇక్కడికి తెచ్చేస్తే వాళ్ళ వాణిజ్య శాఖ నుంచి ఎగుమతి లైసెన్సు కావాలి. పైగా హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళు అసలు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే అక్కడ నేరం, హంటింగ్ లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప. దయచేసి మీ పిల్లల్ని ఈ సంగతి నేరుగా అడగండి.

విడిభాగాలుగా విప్పి కొరియర్‌లో పంపిస్తే? వద్దు. మన చట్టంలో తుపాకీ అంటే దాని భాగాలు కూడా తుపాకీయే, సైలెన్సరూ అంతే.

ఇంకొకటి, ఇది మా ఇంట్లోనే జరిగింది. మా మేనల్లుడు సెలవులకి వచ్చి తిరిగి వెళ్తుంటే ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేలో బ్యాగు లోపలి జేబులో ఒక్క తూటా కనిపించింది. అక్కడ షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళిన బ్యాగే అది, వాడికి గుర్తే లేదు. ఫ్లైటు వెళ్ళిపోయింది, కేసు నమోదైంది, మా అక్క మూడు రోజులు అన్నం ముట్టలేదు. తన దగ్గర ఉందని తెలిసి ఉంటేనే అది నేరపూరితమైన స్వాధీనం అని సుప్రీంకోర్టు 1972లోనే గుణవంత్‌లాల్ కేసులో చెప్పింది, నిజమే, కానీ ఆ మాట వకీలు కోర్టులో చెప్పే రోజు వచ్చేసరికి ఉద్యోగం మీదకి వచ్చింది. రేంజ్‌కి వాడిన బ్యాగు ప్రయాణానికి వాడొద్దని ఈ రాత్రే మెసేజ్ పెట్టండి.

ఒకవేళ తెచ్చేశారు, దిగాక భయమేసింది అనుకోండి. ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో ఏమీ ప్రకటించనక్కర్లేనివాళ్ళు వెళ్ళే గ్రీన్ ఛానెల్ వైపు నడవద్దు, ప్రకటించాల్సినవాళ్ళు వెళ్ళే రెడ్ ఛానెల్‌లోకి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు రాసివ్వండి. నిజంగా ప్రకటించిన నిషిద్ధ వస్తువుని కస్టమ్స్ తమ దగ్గర ఉంచుకుని, మీరు దేశం వదిలేటప్పుడు తిరిగి ఇచ్చే వీలు కస్టమ్స్ చట్టం 80వ సెక్షన్‌లో ఉంది. ఆయుధాల చట్టం సంగతి దానికి వేరే, వెంటనే వకీలుని పిలవాలి. కానీ దాచి దొరికినవాడికి 80వ సెక్షన్ దారి కూడా ఉండదు.

అక్కా, ఇక మీవాడి సంగతి. మొన్న మీరు చెప్పినదాన్నిబట్టి అది 9 ఎంఎం, కొని ఎనిమిది నెలలే అయింది. నాలుగు నెలలు ఆగితే ఏడాది నిండుతుంది కానీ బోర్ మారదు. అక్కడే, వాళ్ళ రాష్ట్రం చట్టం ఒప్పుకునేలా, లైసెన్సు ఉన్న షాపులో అమ్మేసి రమ్మనండి. మీ మాటకంటే నా మాట వింటాడనుకుంటే ఈ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ కలపండి, నేనే మాట్లాడతాను.