మొక్క ఇచ్చారు సరే, నీళ్లెవరు పోయాలి?

అధ్యక్షులకు, పెద్దలకు, కాలనీవాసులకు నమస్కారం. వేదిక మీది వారందరి పేర్లూ చెప్పబోతే నాకిచ్చిన సమయం అక్కడికే సరిపోతుంది కనుక, మన్నించమని కోరుతూ నేరుగా విషయానికి వస్తున్నాను.

2015లో తెలంగాణ ప్రభుత్వ మొక్కల పెంపకం కార్యక్రమం హరితహారం మొదలైనప్పటి నుంచి ఇంటింటికీ మొక్కలు పంచుతున్నాం. పట్టణ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే ఖర్చు చేయాలని, నాటినవాటిలో 85 శాతం బతకకపోతే వార్డు సభ్యులదే బాధ్యతని 2019 పురపాలక చట్టం చెబుతోంది. అయినా ప్రతి సమావేశంలోనూ వినిపించేది ఒకటే మాట: "జనానికి శ్రద్ధ లేదండీ." నా అభ్యంతరమంతా ఈ మాట మీదే.

మా వీధి చివర రెండు గదుల్లో కిరాయికుంటూ నాలుగిళ్లలో పాచిపని చేసుకునే ఒక తల్లి, గేటు పక్కన కానుగ మొక్క నాటి, బియ్యం కడిగిన నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు పోసి దాన్ని ఇంటి కప్పు ఎత్తుకు పెంచింది. ఇంతలో యజమాని కారు కొన్నాడు. అది నిలపడానికి అడ్డమైందని ఒక ఉదయం చెట్టు కొట్టించేశాడు. చెట్టు కొట్టాలంటే అనుమతి ఉండాలన్న వాల్టా చట్టం 2002 నుంచీ ఉన్నదే కానీ, ఆ ఉదయం మా వీధిలో అది ఎవరికీ గుర్తు రాలేదు. మరుసటి వానాకాలం మొక్కల బండి వస్తే ఆమె, "వద్దు బిడ్డా, ఇయ్యాల ఈడుంటం, రేపు ఏడుంటమో" అన్నది. పంపిణీ పుస్తకంలో మాత్రం "నిరాసక్తత" అని రాసుకున్నారు!

అమెరికాలోని డెట్రాయిట్‌లోనూ 2011–14 మధ్య ఉచితంగా చెట్టు నాటుతామంటే దాదాపు నాలుగోవంతు ఇళ్లవారు వద్దన్నారు. ఆరా తీస్తే, ఎండిన చెట్లను నగరపాలకులు ఏళ్ల తరబడి పట్టించుకోకపోవడం వారు చూసి ఉన్నారు. ఆకులు ఊడ్చే చాకిరీ తమ నెత్తినే పడుతుందని వారికి తెలుసు. ఏ చెట్టు కావాలో తమను అడిగినవారూ లేరు.

బోరు, తోటమాలి ఉన్న ఇంటినీ, నల్లా కోసం బిందెలు వరుసపెట్టే ఇంటినీ ఒకే లెక్కన తూచి శ్రద్ధ గురించి మాట్లాడటం న్యాయమేనా? ముందు వరుసలోని ఇంటి యజమానులనే అడుగుతున్నాను: మీ కిరాయిదారు పెంచిన చెట్టును కొట్టబోమని మీలో ఎందరు మాటిచ్చారు? దయచేసి చేతులెత్తండి.

చేతులెత్తినవారు ఎంతమందో అధ్యక్షులవారు చూశారు. అందుకే ఈ ఏడు మొక్కలు పంచకముందే కరివేపా, మునగా, కానుగా, ఏది కావాలో గల్లీల్లో అడిగి రాసుకోవాలని, వేసవిలో ఆ గల్లీలకు కాలనీ నిధి నుంచి ట్యాంకరు పంపాలని, కిరాయి ఒప్పందంలో చెట్టు గురించి ఒక షరతు చేర్చాలని ప్రతిపాదిస్తున్నాను. దీనిపై ఓటింగు ఈ సభలోనే జరపాలని కోరుతున్నాను.