ఏ రింగు బిగుతుగా ఉంటే ఆ రింగు మీదే

శ్రోతలందరికీ నమస్కారం.

ఇవాళ బేరింగు గురించి, అంటే తిరిగే ఇరుసును పట్టుకుని తేలిగ్గా తిరగనిచ్చే భాగం గురించి మాట్లాడుకుందాం. మీ ఇంటి ఫ్యానులో ఉంది, బైకు చక్రంలో ఉంది, పిండిమరలో ఉంది, పొలం మోటారులో ఉంది. లోపల ఒక రింగు, బయట ఒక రింగు, మధ్యలో గుండ్లో, పొట్టి కడ్డీల్లాంటి రోలర్లో. అవి ఒకదానికొకటి రాసుకోకుండా దూరదూరంగా పట్టి ఉంచే రేకును కేజ్ అంటాం. అంతే సామాను. చెప్పాలంటే చాలా ఉంది గానీ, ఉన్న కాస్త సమయంలో ఒక్క మోటారు సంగతి పూర్తిగా చెబుతాను.

మా బాబాయిది మోటారు వైండింగ్ షాపు. కృష్ణా కాలువల కింద ఊరు. సెలవులొస్తే నేను అక్కడే ఉండేవాణ్ణి. ఒకరోజు పొద్దున్నే ఒక రైతు 5 హెచ్‌పీ మోటారును ట్రాక్టరులో వేసుకొచ్చాడు. మూడు నెలల్లో మూడో బేరింగు పోయింది. అవతల పొలానికి తడి పెట్టాలి. మనిషి బాగా టెన్షన్‌లో ఉన్నాడు.

"మేస్త్రీగారూ, అంతా డూప్లికేట్ సరుకే అమ్ముతున్నారండీ. డబ్బు ఎంతైనా పర్లేదు, ఈసారి మంచిది వేయండి."

బాబాయి మోటారు వైపు చూడనేలేదు. "పాత బేరింగు ఏదీ?" అన్నాడు.

"అదెందుకండీ, పోయిందిగా?"

"పోయింది కాబట్టే కావాలి."

అదృష్టం కొద్దీ అది ఆయన సంచిలోనే ఉంది. బాబాయి దాన్ని డీజిల్‌లో వేసి బ్రష్షుతో కడిగాడు. కళ్లద్దాలు పెట్టుకుని, కేజ్ రివెట్లు కోసి, రేకు తీసేశాడు. గుండ్లన్నిటినీ వేలితో ఒక పక్కకి తోశాడు. లోపలి రింగు రెండో పక్కకి జరిగి, బయటి రింగు విడిగా చేతికొచ్చింది. దాన్ని గుడ్డతో తుడిచి, వెలుతురుకు పట్టి, నాకిచ్చాడు.

"ఏం కనిపిస్తోంది?"

గుండ్లు తిరిగే గాడి అద్దంలా ఉండాలి. ఇందులో గోటితో నొక్కినట్టు చిన్న చిన్న గుంటలున్నాయి. గుండుకూ గుండుకూ మధ్య ఎంత దూరమో, గుంటకూ గుంటకూ మధ్య అంతే దూరం. లెక్కపెట్టాను. 9 గుంటలు. ఆ బేరింగులో గుండ్లూ 9. రెండు మూడు చోట్ల గుంట అంచున ఉక్కు పొర లేచిపోయి, గరుగ్గా తగిలింది. ఇంకో సంగతి బాబాయి చూపిస్తే గానీ నాకు కనిపించలేదు. గుంటలు గాడి అడుగున లేవు, అన్నీ ఒకే పక్క గోడ మీద ఉన్నాయి.

"ఇంతకుముందు బిగించినతను ఎలా ఎక్కించాడు?" అని అడిగాడు.

"నేరుగా కొట్టలేదండీ. జాగ్రత్తగానే, పైన చెక్క పెట్టి కొట్టాడు."

అదీ జరిగింది. చెక్క అడ్డం పెట్టాడు నిజమే, కానీ ఆ చెక్క ఆనింది బయటి రింగు మీద. షాఫ్టుకు, అంటే మోటారు మధ్యలో తిరిగే ఇరుసుకు, బిగుతుగా పట్టుకునేది లోపలి రింగు. బయటి రింగును కొడితే ఆ దెబ్బ లోపలి రింగుకు చేరడానికి ఒకటే దారి, గుండ్ల మీదుగా. గుండు గాడికి ఆనే చోటు ఆవగింజంత కూడా ఉండదు. సుత్తి దెబ్బంతా ఆ కాస్త చోటే మోయాలి. 9 గుండ్లు 9 గుంటలు పెట్టాయి. పక్క నుంచి కొట్టిన దెబ్బ కాబట్టే గుంటలు పక్క గోడ మీద పడ్డాయి. బేరింగు కొత్తది, కంపెనీ మంచిది, మోటారు ఇంకా ఒక్క చుట్టు కూడా తిరగలేదు, అప్పటికే దాని పని అయిపోయింది.

ఆ బేరింగు నంబరు 6206. చివరి రెండంకెలను 5తో గుణిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది, 30 మిల్లీమీటర్లు. 04 నుంచి పైకి ఈ లెక్క పనిచేస్తుంది. మామూలు రకం 6206లో గుండ్లకూ గాడికీ మధ్య ఉండే ఖాళీ మిల్లీమీటరులో వెయ్యి వంతులు చేస్తే 5 నుంచి 20 వంతులు. తలవెంట్రుక మందం దాదాపు 70 వంతులుంటుంది. అంత సన్నటి పనితనం మీద సుత్తి ఆడించామన్నమాట. నాకు ఇప్పటికీ ఆ మాట అనుకుంటే మనసు చివుక్కుమంటుంది.

అందుకే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఏ రింగు బిగుతుగా ఉంటే ఆ రింగు మీదే దెబ్బ. షాఫ్టు మీదికి ఎక్కిస్తుంటే లోపలి రింగు మీద. ట్రాలీ చక్రం లాంటి దాంట్లో, హబ్బులోకి, అంటే చక్రం నడిమి భాగంలోకి దించుతుంటే, బయటి రింగు మీద. ఇంకోసారి చెబుతాను. ఏ రింగు బిగుతుగా ఉంటే ఆ రింగు మీదే.

బాబాయి షాఫ్టు మీద చిన్న గరుకులు తీసి, నూనె చుక్క రాశాడు. ఒక పైపు ముక్క తెచ్చాడు. షాఫ్టు మీద వదులుగా దిగేంత రంధ్రం, రెండు చివర్లూ లేతు మీద, అంటే ఇనుమును తిప్పుతూ చెక్కే మిషన్ మీద, చదును చేయించినవి. అది లోపలి రింగు మీద మాత్రమే ఆనుతుంది. పైపు మీద చిన్నగా, నాలుగు వైపులా సమంగా తట్టాడు. చివరికి వచ్చేసరికి చప్పుడు మారింది. ఠప్ ఠప్ అన్నది ఠంగుమంది. "ఆనింది" అని సుత్తి కింద పెట్టేశాడు. ఆ తరవాత ఒక్క దెబ్బ కూడా వేయలేదు.

మిగతావి గబగబా చెబుతాను. కొత్త బేరింగు కాగితం సరిగ్గా బిగించబోయేటప్పుడే విప్పండి, అంతకుముందు వద్దు. చెమట చేతులు తగిలినా తుప్పు పడుతుంది. రెండు పక్కలా రేకు గానీ రబ్బరు గానీ మూసి ఉంటే గ్రీజు లోపలే ఉంది, కడగొద్దు. తెరిచి ఉన్నదానికి లోపలి ఖాళీలో మూడో వంతు నుంచి సగం దాకా గ్రీజు చాలు. కూరితే గుండ్లు గ్రీజును చిలుకుతూ వేడెక్కుతాయి. గ్రీజు డబ్బా మూత తీసి వదిలేయడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. అందులో పడిన ఇసుక రేణువు తిన్నగా గాడిలోకే వెళ్తుంది. కడిగిన బేరింగును గాలి గొట్టంతో గిర్రున తిప్పొద్దు, గుండ్లు ఎగిరి కంట్లో పడొచ్చు. బేరింగును గ్యాస్ మంట మీద పెట్టి వేడి చేయొద్దు. షాఫ్టు అరిగి వదులైతే పంచ్‌తో చుక్కలు కొట్టి సరిపెట్టొద్దు, లేతు వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. మిషన్ మీద వెల్డింగ్ చేయిస్తే ఎర్త్ క్లాంపు వెల్డింగ్ పడే చోటికి దగ్గర్లో పెట్టించండి. లేకపోతే కరెంటు బేరింగు మీదుగా పోయి, గాడిలో కాలిన మచ్చలు పడతాయి.

బాగున్న బేరింగు చప్పుడు చెవికి అలవాటు చేసుకోండి. పొడుగు స్క్రూడ్రైవర్ కొనను బేరింగు ఉన్న కవరుకు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టండి. తిరిగే భాగాలకీ వైర్లకీ దూరంగా, తువ్వాలు గానీ వదులు బట్టలు గానీ వేలాడకుండా. ఒకే తీరున జుమ్మని వినిపిస్తే పర్లేదు. కరకరమన్నా, లెక్కపెట్టినట్టు టక్ టక్‌మన్నా కరెంటు ఆపి, ఫ్యూజులు తీసి, చేత్తో మెల్లగా తిప్పి చూడండి. గుంట ఉంటే వేళ్లకు తెలుస్తుంది.

ఆ రైతు మళ్లీ సంవత్సరం దాటాక కనిపించాడు. ఆయన్ని గుమ్మంలో చూడగానే నా గుండె ఝల్లుమంది, మళ్లీ బేరింగేనేమోనని.

"మోటారు బాగానే ఉందండీ" అన్నాడు. "మా పక్క పొలం ఆయన బేరింగు మారుస్తున్నాడు. ఆ పైపు ముక్క ఒక్క పూట ఇస్తారా?"