కెనడా ఓటింగ్ రివ్యూ: పెన్సిల్‌కి ఐదుకి ఐదు, సీట్ల లెక్కకి ఒకటి

నమస్తే అండీ. కెనడా ఫెడరల్ ఎన్నికల్లో మన చేతికిచ్చే బ్యాలెట్ పేపరు, ఆ పేపర్లని పార్లమెంటు సీట్లుగా మార్చే లెక్క. ఇవాళ ఈ రెండింటి సంగతీ చూద్దాం. ఏ పార్టీ దగ్గరా ఒక్క సెంటు కూడా తీసుకోకుండా చేస్తున్న వీడియో ఇది. 2025 ఏప్రిల్ 28 ఫలితాలు మీరు ఎక్కడో అక్కడ చూసే ఉంటారు, మళ్ళీ టేబుల్ వేసి చదవను. మొత్తం 343 సీట్లు, లిబరల్స్‌కి 169, కన్జర్వేటివ్స్‌కి 144, ప్రధాని మార్క్ కార్నీ. అంతవరకు గుర్తుంటే చాలు.

ముందు పేపరు. ఇది బాగుంది, మనస్ఫూర్తిగా చెప్తున్నా. అభ్యర్థి పేరు, కింద పార్టీ పేరు, పక్కన ఒక గుండ్రం. ఆ గుండ్రంలో క్రాస్ పెట్టినా టిక్ పెట్టినా, ఎవరికి వేశారో స్పష్టంగా తెలిస్తే ఓటు చెల్లుతుంది. పెన్సిల్ వాళ్ళే ఇస్తారు, నమ్మకం లేకపోతే మీ పెన్ను వాడుకోండి, ఎవరూ అడ్డుచెప్పరు. ఇద్దరికి గుర్తు పెట్టినా, మీరెవరో తెలిసేలా సంతకం చేసినా ఆ పేపరు పక్కకి పోతుంది.

పోలింగ్ అయిపోయాక అభ్యర్థుల ప్రతినిధుల కళ్ళెదుటే పెట్టె తెరుస్తారు. ఒక్కో పేపరు తీసి, చూపించి, పేరు చదివి, లెక్క రాసుకుంటారు. మధ్యలో మెషిన్ లేదు. ప్రతి ఎన్నికకీ ఈవీఎంల మీద గొడవ వినే మనవాళ్ళకి ఇదెంత నిశ్చింతో వేరే చెప్పక్కర్లేదు. తేడా మొత్తం చెల్లిన ఓట్లలో వెయ్యో వంతు కన్నా తక్కువైతే ఎవరూ అడక్కుండానే జడ్జి దగ్గర రీకౌంట్ జరుగుతుంది. క్యూబెక్‌లోని టెర్‌బోన్‌లో అలాగే జరిగింది. రీకౌంట్ తర్వాత లిబరల్‌కి 23,352, క్యూబెక్ ప్రాంతీయ పార్టీ బ్లాక్ క్యూబెక్వాకి 23,351. ఒక్క ఓటు తేడా. పోస్టులో ఓటేసిన ఒకావిడ కవరు మీద ఎన్నికల సంస్థ వేసిన పోస్టల్ కోడ్ తప్పు. ఆ కవరు తిరిగి ఆవిడ ఇంటికే వచ్చింది, వ్యవహారం కోర్టుకెక్కింది. అందుకే చెప్తున్నా, పోస్టల్ ఓటు ఆఖరి వారానికి పెట్టుకోకండి.

కొత్తగా సిటిజన్‌షిప్ వచ్చినవాళ్ళు బూత్ దగ్గర చిక్కుకునేది గుర్తింపు కాగితాల దగ్గరే. డ్రైవింగ్ లైసెన్స్ మీద ఇప్పటి అడ్రస్ ఉంటే అదొక్కటే సరిపోతుంది. పాస్‌పోర్టు ఒక్కటే పట్టుకెళ్తే సరిపోదు, దానితో అడ్రస్ రుజువు కాదు. ఇల్లు మారి లైసెన్స్ మార్చుకోకపోతే రెండు కాగితాలు కావాలి. రెండింటి మీదా పేరు, కనీసం ఒకదాని మీద ఇప్పటి అడ్రస్ ఉండాలి. ఇంటికొచ్చే ఓటరు సమాచార కార్డు, దానికి తోడు బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టినా పనవుతుంది. ఏదీ లేకపోతే అదే పోలింగ్ స్టేషన్‌లో ఓటున్నవాళ్ళు, మిమ్మల్ని ఎరిగినవాళ్ళు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఒకరు ఒక్కరికే ఇవ్వగలరు. కాబట్టి ఒక్క స్నేహితుణ్ణి నమ్ముకుని నలుగురు వెళ్తే ముగ్గురు వెనక్కి రావాలి. ఇంకొకటి, పోలింగ్ రోజున ఓటు కోసం వరసగా మూడు గంటల సమయం దొరకడం ఉద్యోగి హక్కు. షిఫ్టు అడ్డమొస్తే జీతం కోయకుండా ఇవ్వాల్సిందే.

సరే, ఇప్పుడు పొడుగాటి బ్యాలెట్ సంగతి. ఒటావా పక్కన కార్ల్‌టన్‌లో కన్జర్వేటివ్ నాయకుడు పియెర్ పొయిలియెవ్ ఓడిపోయిన సీటులో ఏకంగా 91 మంది అభ్యర్థులు. పేపరు పొడవు దాదాపు మీటరు. 2025 ఆగస్టులో ఆయన అల్బర్టాలోని బ్యాటిల్ రివర్ క్రోఫుట్ ఉపఎన్నికకి వెళ్తే అక్కడ 214 మంది! పేర్లు అచ్చువేయడం కుదరక ఖాళీ గీత ఉన్న పేపరిచ్చి, అభ్యర్థి పేరు మీరే రాయండి అన్నారు. స్పెల్లింగ్ తప్పినా ఎవరో అర్థమైతే చాలన్నారు. ఇంతమంది ఎలా నిలబడ్డారంటే, నామినేషన్‌కి నియోజకవర్గంలో 100 మంది సంతకాలు చాలు, అదే ఓటరు ఎంతమందికైనా సంతకం పెట్టొచ్చు. వెయ్యి డాలర్ల డిపాజిట్ నిబంధనని 2017లో అల్బర్టా కోర్టు కొట్టేసింది. డబ్బు లెక్కలు చూసే అఫీషియల్ ఏజెంటుగా ఒక్కరే పదులమందికి ఉండొచ్చు.

ఇదంతా ఎన్నికల పద్ధతి మార్చమని చేసిన నిరసన. వాళ్ళ కోపం న్యాయమైందే. కానీ చూపు సరిగా ఆనని పెద్దవాళ్ళ చేతిలో మీటరు కాగితం పెట్టడం, కౌంటింగ్ సిబ్బందిని తెల్లవార్లూ కూర్చోబెట్టడం నాకు నచ్చలేదు. కష్టపడింది పార్లమెంటు కాదు, పోలింగ్ సిబ్బంది.

ఇక అసలు విషయానికొస్తున్నా. ఇంత శ్రద్ధగా ఒక్కో ఓటూ లెక్కపెట్టి, ఆ తర్వాత ఏం చేస్తున్నారో చూడండి. నియోజకవర్గంలో, ఇక్కడి మాటలో రైడింగ్‌లో, ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొస్తే వాళ్ళదే సీటు. మిగతా ఓట్లన్నీ అక్కడే ఆగిపోతాయి. 2025లో బ్లాక్ క్యూబెక్వాకి 6.3 శాతం ఓట్లు, న్యూ డెమొక్రాటిక్ పార్టీకి, అంటే ఎన్‌డీపీకి కూడా 6.3 శాతం. బ్లాక్‌కి 22 సీట్లు, ఎన్‌డీపీకి 7. బ్లాక్ ఓట్లన్నీ క్యూబెక్‌లోనే కుప్పగా ఉన్నాయి, ఎన్‌డీపీవి దేశమంతా చల్లినట్టు ఉన్నాయి. అంతే తేడా. 12 సీట్లు లేకపోతే పార్టీకి అధికారిక హోదా ఉండదు. అంటే ఆఫీసుకిచ్చే డబ్బు, కమిటీల్లో చోటు, సభలో ప్రభుత్వాన్ని ప్రశ్నలడిగే క్వశ్చన్ పీరియడ్‌లో ఖాయంగా దక్కే ప్రశ్న, అన్నీ పోయినట్టే. దానికి తోడు రైడింగ్‌లో 10 శాతం ఓట్లు రాని అభ్యర్థికి ప్రచార ఖర్చులో తిరిగొచ్చే 60 శాతం కూడా రాదు.

మనకిది కొత్తేం కాదు. ఇండియాలోనూ ఇదే లెక్క. కెనడాలో 2015లో లిబరల్స్‌కి 39.5 శాతం ఓట్లొస్తే 338లో 184 సీట్లు, పూర్తి మెజారిటీ. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వైఎస్సార్సీపీకి దాదాపు 39 శాతం ఓట్లొస్తే 175లో 11 సీట్లు. అంతకుముందు 2019లో టీడీపీకి కూడా 39 శాతమే, సీట్లు 23. వందకి 39 మంది ఓటేస్తే ఒకచోట సింహాసనం, ఇంకోచోట అసెంబ్లీలో మూల బెంచీ. మీరు ఏ పార్టీ అభిమానులైనా సరే, ఈ అంకెలు చూసి కడుపు మండాలి.

కెనడాలో దీనివల్ల ఇంకో నష్టం ఉంది, టీవీ చర్చల్లో పెద్దగా వినపడదు. అల్బర్టాలో 2025లో లిబరల్స్‌కి నాలుగో వంతుకి పైగా ఓట్లు పడ్డాయి, 37 సీట్లలో దక్కినవి 2. 2019లో అయితే అల్బర్టా, సస్కాచువాన్ రెండింటిలో కలిపి సున్నా. ప్రభుత్వంలో కూర్చున్న పార్టీలో ఆ రెండు ప్రావిన్సుల గొంతే లేదు. అక్కడ ఆ పార్టీకి ఓటేసిన జనం ఉన్నారు, వాళ్ళ తరఫున మాట్లాడే ఎంపీ లేడు. ఒటావా మమ్మల్ని పట్టించుకోదు అని పశ్చిమాన అంత కసి పెరగడానికి ఆయిలూ పైపులైన్లతో పాటు ఈ సీట్ల లెక్క కూడా కారణం.

ఓట్లకీ సీట్లకీ ఎంత దూరం ఉందో కొలిచే గాలహర్ సూచిక ఒకటుంది. ప్రతి పార్టీకీ ఓట్ల శాతం, సీట్ల శాతం మధ్య తేడా తీసి, వర్గం చేసి, అన్నీ కూడి, రెండుతో భాగించి, వర్గమూలం తీస్తే వచ్చే అంకె. తక్కువైతే మంచిది. 2015 ఫలితానికి 12 వస్తుంది. 2025కి నేనే వేసి చూశాను, 5 దగ్గర ఆగింది. బాగుపడిందనుకుంటారేమో, మోసపోకండి. 2021లో 17.8 శాతం ఉన్న ఎన్‌డీపీ 6.3కి ఎందుకు పడిపోయింది? ట్రంప్ సుంకాల భయంతో, ఓటు చీలితే అవతలివాళ్ళు గెలుస్తారన్న భయంతో చాలామంది తమకి నచ్చిన పార్టీని వదిలేసి ఆపాల్సిన పార్టీకి ఎదురుగా ఉన్నవాళ్ళకి వేశారు. జనం మనసు చంపుకుని వేసిన ఓటుని కొలిస్తే అంకె అందంగానే ఉంటుంది మరి.

నాకు అన్నింటికన్నా ఒళ్ళు మండే విషయం ఇది. ఈ పార్టీలు తమ నాయకుణ్ణి ఎన్నుకునేటప్పుడు ఇదే పద్ధతి వాడతాయా? వాడవు! లిబరల్స్, కన్జర్వేటివ్స్ ఇద్దరూ ర్యాంకులిచ్చే బ్యాలెట్ వాడతారు. ఒకటో ఇష్టం, రెండో ఇష్టం అని రాస్తారు, ఎవరో ఒకరికి సగం దాటేదాకా లెక్కిస్తారు. 2017లో కన్జర్వేటివ్స్ ఆండ్రూ షీర్‌ని 13వ రౌండులో 51 శాతం దగ్గర తేల్చారు. వాళ్ళ నాయకుడికి సగం దాటాలి, మన ఎంపీకి మాత్రం 35 శాతమైనా చాలు. ఇదెక్కడి న్యాయమండీ?

మారుస్తామని మాటిచ్చారు కూడా. పాత పద్ధతిలో ఇదే ఆఖరి ఎన్నిక అని 2015లో లిబరల్ నాయకుడు జస్టిన్ ట్రూడో చెప్పారు. 2016లో 12 మంది ఎంపీలతో అన్ని పార్టీల కమిటీ వేశారు. డిసెంబర్‌లో నివేదిక వచ్చింది. గాలహర్ సూచిక 5 లేదా అంతకన్నా తక్కువ వచ్చే దామాషా పద్ధతి, అంటే ఓట్ల వాటాకి తగ్గట్టు సీట్లు దక్కే పద్ధతి ఒకటి తయారుచేసి రెఫరెండం పెట్టమంది. 2017 ఫిబ్రవరి 1న కొత్త మంత్రి కరీనా గూల్డ్‌కిచ్చిన లేఖలో, ఎన్నికల పద్ధతి మార్చడం మీ పని కాదు అని రాసి చేతులు దులుపుకున్నారు. ఏకాభిప్రాయం లేదన్నారు. ఆ పాత పద్ధతిలోనే లిబరల్స్ 2019లో, 2021లో కన్జర్వేటివ్స్‌కన్నా తక్కువ ఓట్లతో ఎక్కువ సీట్లు తెచ్చుకుని ప్రభుత్వం నిలబెట్టుకున్నారు.

ప్రావిన్సుల్లోనూ ఇదే వరస. బ్రిటిష్ కొలంబియాలో 2005లో 57.7 శాతం మంది మార్పుకి అవునన్నారు, 60 దాటలేదని పక్కన పెట్టేశారు. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో 2016లో ఆఖరి లెక్కలో మార్పుకి మద్దతు సగం దాటింది, పోలింగ్ శాతం తక్కువని వదిలేశారు. తర్వాత మళ్ళీ అడిగితే రెండు చోట్లా జనం వద్దన్నారు, అదీ నిజమే, దాచను. ఒకసారి అవునన్నా లాభం లేదని తెలిశాక రెండోసారి ఉత్సాహం ఎక్కణ్ణుంచి వస్తుంది?

స్థిరమైన ప్రభుత్వం కోసమే ఈ పద్ధతి అనేవాళ్ళకి ఒక లెక్క. 2004 నుంచి 2025 దాకా 8 ఎన్నికలు జరిగితే 6 సార్లు మైనారిటీ ప్రభుత్వమే, అంటే సగం సీట్లు కూడా లేని ప్రభుత్వమే వచ్చింది. సొంత ఎంపీ పోతాడన్న భయం మాత్రం అర్థం చేసుకోదగ్గది. న్యూజిలాండ్ 1996 నుంచి వాడుతున్న పద్ధతిలో ఆ ఇబ్బంది లేదు. రెండు ఓట్లు, ఒకటి మన ఊరి అభ్యర్థికి, ఒకటి పార్టీకి. ఊరి ఎంపీ ఊరికుంటాడు, పార్టీ ఓటుతో మొత్తం సీట్లు సరిచేస్తారు. కెనడాకి సరిపడేది నా దృష్టిలో ఇదే.

మార్కులు: పేపరు, పెన్సిల్, చేత్తో లెక్కింపు ఐదుకి ఐదు. సీట్ల లెక్కకి ఒకటి. సగటు తీస్తే మూడు రావాలి, నేను రెండే ఇస్తున్నా. ఇచ్చిన మాట తప్పినందుకు ఒకటి కోశాను.

పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) మీద ఉన్నవాళ్ళకి ఓటు లేదు, కానీ పార్లమెంటు ఈ-పిటిషన్ మీద సంతకం పెట్టొచ్చు. మొదలుపెట్టడానికి ఐదుగురు మద్దతుదారులు, ఒప్పుకునే ఒక ఎంపీ కావాలి. 500 సంతకాలు దాటి సభ ముందుకొస్తే ప్రభుత్వం 45 రోజుల్లో జవాబివ్వాలి. ఉత్తరం రాస్తానంటే కవరు మీద మీ ఎంపీ పేరు, హౌస్ ఆఫ్ కామన్స్, ఒటావా, పోస్టల్ కోడ్ కె1ఎ 0ఎ6 అని రాసి డబ్బాలో వేయండి. స్టాంపు అంటించక్కర్లేదు.