పగడాల ట్యాంకులోకి ఏ చేప, ఏ నత్త? రంగు కాదు, నోరు చూసి ఎంచుకోండి

[తెర మీద: నీలి వెలుగులో పగడాలు. ఒక ఏంజెల్ చేప వచ్చి విచ్చుకున్న పాలిప్‌ని, అంటే పగడంలోని మెత్తటి చిన్న జీవిని, కొరుకుతుంది. పాలిప్ చటుక్కున ముడుచుకుంటుంది.]

ఇందులో చేప తప్పేమీ లేదు. సముద్రంలో అది రోజంతా చేసే పనే ఇది. కొన్నవాళ్లు దాని రంగు చూశారు, నోరు చూడలేదు.

పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకుకి చేపని కొన్నా, నత్తని కొన్నా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఏం తింటుంది? ఆ తిండి మూడు నెలల తర్వాత కూడా ఇక్కడ దొరుకుతుందా? లెక్క చెప్పుకోవడానికి 200 లీటర్లు, 90 సెంటీమీటర్ల పొడవు ఉన్న ట్యాంకు అనుకుందాం. వ్యర్థాల నుంచి పుట్టే విషాలు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాయి, ఉప్పు సాంద్రత 1.025, వేడి 25–26 డిగ్రీలు. ఇవి కుదరకపోతే ఇంకా ఏ ప్రాణినీ తేకండి.

[తెర మీద: ఒక్కో చేప బొమ్మ, పక్కన పేరు]

ముందు వద్దనుకోవాల్సినవి. బటర్‌ఫ్లై చేపల్లో చాలావాటికి పగడాలే భోజనం. ట్రిగ్గర్ చేపల్లో చాలావరకు నత్తల్నీ రొయ్యల్నీ నమిలేస్తాయి. ఫ్లేమ్ ఏంజెల్, కోరల్ బ్యూటీ లాంటి చిన్న ఏంజెల్స్ విషయంలో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఏడాదిపాటు బుద్ధిగా ఉన్న చేప ఒక రోజు హఠాత్తుగా పగడాల మీద పడొచ్చు.

మాండరిన్ సంగతి వేరు. పగడాలకి దానివల్ల ఏ హానీ లేదు, హాని దానికే. రాళ్ల మీద పాకే కోపిపాడ్లనే సన్నని జీవుల్ని పొద్దస్తమానం ఏరుకు తింటుంది. కొత్త ట్యాంకులో అవి కొద్ది వారాల్లో ఖాళీ అవుతాయి. పొట్ట లోపలికి పోయి, వెన్ను పక్కన గుంటలు పడి, చేప నెమ్మదిగా ఎండిపోతుంది. ట్యాంకుకి కనీసం ఏడాది వయసుండి, రాత్రి టార్చి వేస్తే అద్దం మీద తెల్ల చుక్కలు గుంపులుగా కదులుతుంటే అప్పుడు ఆలోచించండి.

టాంగ్‌లు నాచు బాగా మేస్తాయి, అందుకే ఆశ పడతాం. కానీ ఎల్లో టాంగ్ 20 సెంటీమీటర్ల వరకు, బ్లూ టాంగ్ 30 వరకు పెరుగుతాయి. పరుగు తీసే చోటు కావాలి వాటికి. 90 సెంటీమీటర్ల ట్యాంకులో ఇరుకున పడి పక్క చేపల్ని తరుముతాయి, తెల్లమచ్చల రోగానికి ముందు అవే లొంగుతాయి. మన ట్యాంకుకి టాంగ్ వద్దు.

[తెర మీద: క్లౌన్ జంట, రాయల్ గ్రామా, ఇసుకలో గోబీ, దాని పక్కన రొయ్య]

ఇక తెచ్చుకోదగినవి. ఒసెల్లారిస్ క్లౌన్ జంట. తొట్టిలో పుట్టిపెరిగినవి అడగండి, అవి మేతకి త్వరగా అలవాటు పడతాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకోండి. క్లౌన్లు అన్నీ మగవిగానే పుడతాయి, పెద్దది ఆడదిగా మారుతుంది. సమానమైన సైజువి తెస్తే ఆ పెత్తనం తేలేదాకా కొట్లాట. క్లౌన్లు ఆశ్రయంగా వాడుకునే అనిమోన్, అంటే పువ్వులా ఉండి కుట్టే సముద్రజీవి, వాటికి తప్పనిసరి కాదు. కొత్త ట్యాంకులో అనిమోన్ నిలకడగా ఉండదు, నడుచుకుంటూ పోయి పగడాల్ని కాల్చేస్తుంది, లేదా పంపులో ఇరుక్కుని ముక్కలవుతుంది.

రాళ్ల సందుల్లో ఉండడానికి ఒక రాయల్ గ్రామా. ఒక్కటే, రెండో గ్రామాని ఓర్వదు. రాళ్ల మీది సన్న పాచి గీకడానికి ఒక టెయిల్‌స్పాట్ బ్లెన్నీ. ఇసుకలో ఒక ఎల్లో వాచ్‌మన్ గోబీ, దానికి తోడు పిస్టల్ రొయ్య. రొయ్య బొరియ తవ్వుతుంది, గోబీ కాపలా కాస్తుంది. ఈ జోడీ కోసం రాళ్లని ఇసుక మీద కాకుండా నేరుగా అడుగు అద్దం మీద ఆనించి పేర్చండి. లేకపోతే తవ్వకానికి రాయి ఒరుగుతుంది, మీద అతికించిన పగడం కింద పడుతుంది. ఆరో చేపగా ఫైర్‌ఫిష్ అందంగా ఉంటుంది, కానీ బెదిరితే గాల్లోకి ఎగిరి నేల మీద పడుతుంది. పైన సన్న కన్నుల వల మూత లేకుండా దాన్ని తేవద్దు.

ఆరుతో ఆపండి. సాధువుల్ని ముందు, గడుసువాటిని చివర వదలండి: గోబీ, ఫైర్‌ఫిష్, బ్లెన్నీ, గ్రామా, ఆఖరికి క్లౌన్లు. మధ్యలో రెండు మూడు వారాల ఎడం ఉంటే వ్యర్థాల్ని శుద్ధి చేసే బ్యాక్టీరియా కొత్త భారానికి సర్దుకుంటుంది.

ఏ చేపనీ సంచిలోంచి నేరుగా ప్రధాన ట్యాంకులోకి దించొద్దు. 40 లీటర్ల విడి తొట్టిలో, ఒక స్పాంజి ఫిల్టర్, హీటరు, దాక్కోవడానికి పైపు ముక్కలు పెట్టి, నాలుగు వారాలు చూడండి. కారణం సూటిగా చెప్తాను. తెల్లమచ్చల రోగానికి వాడే రాగి మందు నత్తల్నీ రొయ్యల్నీ పగడాల్నీ చంపుతుంది. రోగం పగడాల మధ్యకి వెళ్లిందంటే అక్కడ మందు వేయలేరు. చేపలన్నిటినీ పట్టి బయటికి తీసి, రోగక్రిమి చేప దొరక్క చచ్చేదాకా ట్యాంకుని చేపలు లేకుండా వదిలేయాలి. ఎక్కువమంది పాటించే లెక్క 76 రోజులు.

[తెర మీద: అద్దం మీద గోధుమ రంగు పొర, దాని మీద నత్త వదిలిన శుభ్రమైన దారి]

నత్తల దగ్గరికి వద్దాం. నాలుగు లీటర్లకి ఒకటి అనే లెక్క వింటుంటారు. దాన్ని నమ్మొద్దు. ఆ లెక్కన మన ట్యాంకులో 50 నత్తలు. రెండు వారాల్లో పాచి అంతా గీకేసి, తర్వాత ఒక్కొక్కటే పస్తులతో చస్తాయి. రాళ్ల వెనక కుళ్లిన ప్రతి నత్తా మళ్లీ నాచుకే ఎరువు. ఐదు ట్రోకస్, ఐదు సెరిత్‌తో మొదలుపెట్టి, నెల తర్వాత అద్దం ఇంకా మసకగా ఉంటే మరో మూడు కలపండి.

ట్రోకస్‌నే ఎందుకంటే వెల్లకిలా పడితే తనంతట తను తిరగగలదు. ఆస్ట్రియా అనే నత్తకి అది చేతకాదు. ఇసుకలో బోర్లించే చెయ్యి లేకపోతే అక్కడే చస్తుంది, లేదా పీత తినేస్తుంది. మెక్సికన్ టర్బో నత్త నాచు దుబ్బుల్ని భలే మేస్తుంది కానీ అది చల్లని నీటి జీవి, పైగా బరువుకి సరిగ్గా అంటుకోని పగడపు ముక్కల్ని తోసేస్తుంది. నాసారియస్ నత్తలు నాచు ముట్టవు. ఇసుకలో కూరుకుపోయి, మేత వాసన తగలగానే తొండం పైకెత్తి లేస్తాయి. మిగిలిన మాంసం ముక్కలు తినడానికి మూడు చాలు.

హెర్మిట్ పీతలు తెస్తే వాటి ఒంటికన్నా కాస్త పెద్ద ఖాళీ గుల్లలు ఒక్కో పీతకి రెండు మూడు వేయండి. గుల్ల కోసమే అవి నత్తల్ని చంపుతాయి. గుల్లలు వేసినా పూర్తిగా ఆగదు, అందుకే చిన్న ట్యాంకులో అసలు లేకపోయినా నష్టం లేదని నా అభిప్రాయం. ఇసుక తోడే నక్షత్ర చేప మాత్రం వద్దే వద్దు. ఇసుకలోని సూక్ష్మజీవులన్నిటినీ తినేసి ఆకలితో చస్తుంది.

[తెర మీద: రెండు ఎర్ర చారల రొయ్యలు పక్కపక్కన]

ఇది జాగ్రత్తగా చూడండి. ఎడమది పెప్పర్‌మింట్ రొయ్య, ఐప్టేసియా అనే కలుపు అనిమోన్‌ని తింటుంది. కుడిది క్యామెల్ రొయ్య, జోయాంథిడ్లనే, గుత్తులుగా పెరిగే పగడాల బంధువుల్నీ, మెత్తటి పగడాల్నీ తింటుంది. రెండూ ఒకే పేరుతో అమ్ముడవుతుంటాయి. వీపు మీద గూని, పెద్ద కళ్లు, ఎర్ర చారల మధ్య తెల్లని గీతలు ఉంటే అది క్యామెల్. వదిలేయండి.

నత్తలూ రొయ్యలూ ఉప్పు సాంద్రతలో తేడాని తట్టుకోలేవు. సంచి నీటిని గిన్నెలో పోసి, సన్న గొట్టంతో సెకనుకి రెండు మూడు చుక్కల చొప్పున ట్యాంకు నీరు వదలండి. గంటలో నీరు రెండింతలు దాటాలి. ఆ నీరు పారబోసి, ప్రాణిని మాత్రమే లోపల పెట్టండి. దూరం నుంచి సంచిలో వచ్చిన చేపలకి ఇంతసేపు వద్దు. సంచి విప్పగానే పీహెచ్ పెరిగి, లోపలి అమ్మోనియా విషంగా మారుతుంది. మూసిన సంచిని 15 నిమిషాలు తొట్టి నీటిలో తేలనిచ్చి వేడి సమం చేసి, విడి తొట్టి సాంద్రతని ముందే సంచి నీటికి సరిచేసి ఉంచి, వెంటనే దించండి.

మేత రోజుకి రెండుసార్లు, రెండు నిమిషాల్లో అయిపోయేంత. అలాగని పస్తు పెట్టి నీటిలోని పోషకాల్ని సున్నాకి తేవద్దు. నైట్రేట్ 2 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం (పది లక్షల్లో ఇన్ని భాగాలు) ఉంటేనే పగడాలకి రంగు నిలుస్తుంది. రెండూ సున్నా అయితే పగడం పాలిపోతుంది, జిగురుగా బుడగలతో డైనోలనే సూక్ష్మజీవులు పరుచుకుంటాయి. వాటికి నత్తలు మందు కాదు, కొన్ని రకాల డైనోలు తిన్న నత్తలు చస్తాయి కూడా.

[తెర మీద: రాళ్ల మధ్య అమర్చిన పారదర్శకమైన బోను]

పగడాల్ని కొరికే చేప ఇప్పటికే మీ ట్యాంకులో ఉంటే వల వేసి తరమకండి, పగడాలు విరుగుతాయి. తలుపున్న అక్రిలిక్ బోనుని మూడు నాలుగు రోజులు తెరిచే ఉంచి, మేత దాని లోపలే వేయండి. భయం పోయి తింటున్నప్పుడు తాడు వదిలి తలుపు దించేయండి.