వేట ముగించి రైఫిల్‌తో అమెరికాకు తిరిగి వచ్చేటప్పుడు కస్టమ్స్‌లో ఏం చూస్తారు?

(తెరపై: అట్లాంటా విమానాశ్రయం. బెల్టు మీద సూట్‌కేసులు తిరుగుతున్నాయి. ఒక ప్రయాణికుడు తన పెట్టె కోసం ఎదురుచూస్తున్నాడు.)

దక్షిణాఫ్రికాలో వేట ముగించుకుని జొహానెస్‌బర్గ్ నుంచి అట్లాంటా చేరిన మనిషి బెల్టు దగ్గర ఎంతసేపు నిలబడినా అతని గన్ కేస్ కనిపించకపోవచ్చు. కంగారు పడనక్కరలేదు. తుపాకి ఉన్న పెట్టెను బెల్టు మీద వదలకుండా, పొడవు సామాను ఇచ్చే చోట సిబ్బంది చేతికే అందించడం చాలా విమానాశ్రయాల్లో ఉన్న పద్ధతి. అయితే ఆ పెట్టెతో కస్టమ్స్ అధికారి ముందు ఐదు నిమిషాలు నిలబడతారా, లేక ఇంటికి వెళ్లే విమానం తప్పిపోయేంత సేపు నిలబడతారా అన్నది ఆ హాలులో తేలే విషయం కాదు. మీరు అమెరికా విడిచి వెళ్లకముందే, ఒక్క కాగితం మీద అది తేలిపోయి ఉంటుంది.

(తెరపై: ఫారం 4457, దగ్గరగా.)

ఆ కాగితమే కస్టమ్స్ వారి ఫారం 4457. విదేశాలకు వెంట తీసుకువెళ్లే సొంత వస్తువులను నమోదు చేయించుకునే పత్రం ఇది. దీన్ని ప్రత్యేకంగా తుపాకుల కోసం తయారు చేయలేదు. కెమెరా అయినా, ఖరీదైన గడియారం అయినా ఇక్కడి నుంచి పట్టుకెళ్లిందే తప్ప అక్కడ కొన్నది కాదని చూపించుకోవడానికి ఉద్దేశించినది. తుపాకి విషయంలో మాత్రం దీని విలువ సుంకం తప్పించుకోవడంతో ఆగదు. మామూలుగా అమెరికాలోకి తుపాకి తేవాలంటే తుపాకుల వ్యవహారాలు చూసే ఏటీఎఫ్ అనే ప్రభుత్వ సంస్థ నుంచి దిగుమతి అనుమతి ఉండాలి. ఆ తుపాకిని అదే వ్యక్తి ఇంతకుముందు ఈ దేశం నుంచి బయటికి తీసుకువెళ్లాడని కస్టమ్స్ అధికారికి నమ్మకం కలిగితే ఆ అనుమతి అక్కరలేదు. నమ్మించవలసిన బాధ్యత మీది, అందుకు చేతిలో ఉండే ఆధారం ఈ ఫారం. అందుకే విదేశంలో ముచ్చటపడి కొన్న రైఫిల్‌కు ఈ దారి పనికిరాదు.

ఫారం నింపడం రెండు నిమిషాల పని, రుసుము లేదు. కాకపోతే అధికారి తుపాకిని కళ్లారా చూసిన తరువాతే సంతకం చేసి ముద్ర వేస్తాడు కాబట్టి, ప్రయాణం రోజు హడావిడిలో కాకుండా వారం పది రోజుల ముందే దగ్గరలోని కస్టమ్స్ కార్యాలయానికి వెళ్లడం మేలు. వెళ్లే ముందు ఫోన్ చేసి, తుపాకిని లోపలికి ఎలా తీసుకురమ్మంటారో అడగండి. తూటాలు లేకుండా, బోల్టు (తూటాను గొట్టంలోకి నెట్టి మూసే భాగం) ఊడదీసి, పెట్టెలో పెట్టి తీసుకువెళ్లండి. అక్కడ అధికారి ప్రధానంగా చూసేది సీరియల్ నంబరు. ఇనుము మీద చెక్కిన సున్నా కాగితం మీద ‘ఓ’ అక్షరం అయినా, ఎనిమిది ‘బి’ అయినా, ఆ పొరపాటు రెండు వారాల తరువాత మరో ఖండంలో పోలీసు అధికారి వేలి కింద బయటపడుతుంది. ముద్ర పడిన వెంటనే, కౌంటరు దగ్గరే నిలబడి, ఒక్కొక్క అంకెనూ తుపాకితో సరిచూసుకోండి. స్కోప్ (రైఫిల్ మీద బిగించి గురి చూసే దుర్భిణి), బైనాక్యులర్ కూడా అదే ఫారంలో రాయించండి. జర్మనీలో తయారైన స్కోప్‌ను చూసి ఎక్కడ కొన్నారని అడిగితే జవాబు చేతిలోనే ఉంటుంది.

(తెరపై: జొహానెస్‌బర్గ్ విమానాశ్రయం, పోలీసుల తుపాకుల కార్యాలయం.)

ఇందులో ఒక వింత ఉంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో వేట రైఫిల్‌కు లైసెన్సు అనేదే లేదు. కానీ దక్షిణాఫ్రికా పోలీసులు తుపాకి మీదేననడానికి రుజువు అడుగుతారు. దాంతో లైసెన్సు కాని ఈ 4457 అక్కడ లైసెన్సులా చెల్లుబాటు అవుతోంది. చిక్కు కూడా ఇక్కడే వస్తుంది. ఫారం పైమూల ఒక గడువు తేదీ అచ్చయి ఉంటుంది. అది ఆ ముద్రణకు సంబంధించిన తేదీయే తప్ప మీ నమోదుకు గడువు కాదు. అయినా ఆ తేదీ దాటిపోతే విదేశీ అధికారి మీ పత్రం చెల్లదనుకునే ప్రమాదం ఉంది. అక్కడ నిలబడి వాదించడం కంటే, కొత్త తేదీ ఉన్న ఫారం మీద ముద్ర వేయించుకుని వెళ్లడం తేలిక.

అక్కడి తాత్కాలిక దిగుమతి అనుమతికి ఎస్‌ఏపీఎస్ 520 అనే దక్షిణాఫ్రికా పోలీసుల దరఖాస్తు నల్ల సిరాతో నింపాలి, సంతకం మాత్రం అధికారి ఎదుటే చేయాలి. పాస్‌పోర్టు, తిరుగు టిక్కెట్టు, వేట నిర్వాహకుల ఆహ్వాన లేఖ జత చేయాలి. తుపాకికి 200 తూటాలకు మించి అనుమతించరు. అసలు తూటాల బరువు మనిషికి 5 కిలోలు దాటితే విమానంలోనే ఒప్పుకోరు.

ఇక అమెరికా ఎగుమతి నిబంధనలు పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవారికీ సొంత వాడకానికి 3 తుపాకులు, 1,000 తూటాల వరకు వెసులుబాటు ఇస్తాయి. టెక్సాస్‌లో తోటి ఉద్యోగులతో వేటకు అలవాటుపడి, ఇంకా హెచ్1బి మీదే ఉన్న మన తెలుగువారు ఈ వీడియోను తమకు అన్వయించుకోవద్దు. తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి చట్టం వేరు. వేట లైసెన్సు (తుపాకికి కాదు, వేటాడేందుకు ఇచ్చేది) లేకపోతే చాలామందికి తుపాకి దగ్గర ఉంచుకోవడమే నేరం, దేశంలోకి తేవడానికి ఏటీఎఫ్‌కు విడిగా దరఖాస్తు చేయాలి. న్యాయవాదిని అడగకుండా అడుగు వేయకండి.

(తెరపై: కస్టమ్స్ బల్ల. తెరిచిన గన్ కేస్, పక్కన ఎర్రమట్టి అంటిన బూట్లు.)

తిరిగి వచ్చినప్పుడు అధికారి అడగకముందే తుపాకి ఉందని చెప్పి, ముద్ర ఉన్న ఫారం చూపించండి. పెట్టె ఆయన తెరవమన్న తరువాతే తెరవండి. చిత్రమేమిటంటే, కాగితాలు సరిగ్గా ఉన్నప్పుడు తుపాకి కంటే బూట్లే ఎక్కువ సమయం తీసుకుంటాయి. పొలాల్లో, పశువుల మధ్య తిరిగారా అన్న ప్రశ్నకు నిజం చెప్పాలి, మట్టి అక్కడే కడిగేసి రావాలి. బిల్‌టాంగ్ అనే ఎండుమాంసం ఎంత రుచిగా ఉన్నా తేకూడదు. కొమ్ములు, చర్మాలు సాధారణంగా నెలల తరువాత సరుకుగా వస్తాయి కాబట్టి వాటి లెక్క వేరు.

కస్టమ్స్ దాటగానే పని అయిపోయిందనుకుని పెట్టెను మామూలు సామానుతో నెట్టేయకండి. అక్కడి నుంచి ఇంటికి మరో విమానం ఉంటే, ఎయిర్‌లైన్ వారికి తుపాకి ఉందని మళ్లీ చెప్పాలి. తూటాలు తీసి, గట్టి పెట్టెలో తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోవాలి. మార్గం ఎంచుకునేటప్పుడు, తుపాకి చట్టాలు కఠినంగా ఉండే న్యూయార్క్, న్యూవార్క్‌లను తప్పించడం నా సలహా. 2005లో యూటాకు చెందిన ఒక ప్రయాణికుడు న్యూవార్క్‌లో విమానం తప్పి, పిస్తోలు ఉన్న సామానుతో ఆ రాత్రి హోటల్‌లో గడిపాడు. మరునాడు తుపాకి ఉందని కౌంటరులో తనే చెప్పి అరెస్టయ్యాడు. తరువాత కేసు ఎత్తివేసినా, పరిహారం కోసం అతను వేసిన దావాను 2010లో అప్పీలు కోర్టు కూడా ఒప్పుకోలేదు. అలా ఇరుక్కుంటే సామాను మీ చేతికి తీసుకోకుండా, ఎయిర్‌లైన్ దగ్గరే ఉంచమని అడగండి.

(తెరపై: ఖాళీ బ్యాగు. అడుగు జేబులోంచి ఒక తూటా దొర్లి బల్ల మీద పడుతుంది.)

ఇదే బ్యాగును సెలవుల్లో హైదరాబాద్ ప్రయాణానికి సర్దేవారు ముందుగా జేబులన్నీ తిరగేసి దులపండి. మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో ఎక్స్‌రేకి చిక్కితే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, అక్కడ ఫారం 4457 దేనికీ పనికిరాదు.