చదరంగపు బల్లల మధ్య విందుబండి

శ్రోతలకు నమస్కారం.

లండన్‌లోని స్ట్రాండ్ వీధిలో, సవోయ్ హోటల్ పక్కనే, సింప్సన్స్ అనే పేరుగల భోజనశాల 1828లో మొదలైంది. బ్రిటిష్ వారి సంప్రదాయ వంటకు అది పెట్టింది పేరు. అయితే పుట్టినప్పుడు అది భోజనశాల కాదు. మగవారు చుట్ట కాలుస్తూ, కాఫీ తాగుతూ, పత్రికలు చదువుతూ చదరంగం ఆడుకునే చోటు. ఇతర కాఫీశాలలతో పందెం పడినప్పుడు, ఒక్కొక్క ఎత్తునూ చేరవేయడానికి పొడవాటి టోపీలు పెట్టుకున్న మనుషులు వీధుల వెంట పరుగెత్తేవారట.

1851లో అక్కడే ఆనాటి మేటి చదరంగ ఆటగాళ్లు ఆండర్సన్, కీజెరిట్స్కీ ఒక ఆట ఆడారు. ఆండర్సన్ ఒక శకటునూ, రెండు ఏనుగులనూ, చివరికి మంత్రినీ వదులుకొని, మిగిలిన గుర్రాలతో, శకటుతో ఆటకట్టించాడు. చదరంగ లోకం దానిని నేటికీ 'అమర క్రీడ' అని పిలుస్తుంది.

అంతకు మూడేళ్ల ముందు, 1848లో, వంటల వ్యాపారి జాన్ సింప్సన్ ఆ కాఫీశాలలో భాగస్వామిగా చేరాడు. పెద్ద మాంసపు ముక్కలను వెండి మూతల కింద ఉంచి, చక్రాల బండ్ల మీద బల్లల దగ్గరికే తీసుకువెళ్లే పద్ధతి అక్కడ స్థిరపడింది. ఎత్తు ఆలోచిస్తున్నవారి ఏకాగ్రత చెదరకూడదనే ఈ ఏర్పాటు చేశారని చెబుతారు. ఆకలినీ ఆలోచననూ సమానంగా గౌరవించిన ఆ పద్ధతి నాకెంతో ఇష్టం.

ఇంతకూ ఆ వడ్డన ఎలా ఉండేదంటే, బండి బల్ల పక్కన ఆగగానే మూత తొలగుతుంది, ఆవిరి పైకి లేస్తుంది; వడ్డించే వ్యక్తి పొడవాటి కత్తితో, సెగకు వేగిన గొడ్డుమాంసాన్ని తినేవారి కళ్లెదుటే పలుచని పొరలుగా కోస్తాడు. దాని పక్కన యార్క్‌షైర్ పుడ్డింగ్ ఉంటుంది. పేరు విని తీపి వంటకం అనుకోకూడదు. మైదా, గుడ్లు, పాలు కలిపిన పలుచని పిండిని, మాంసం నుంచి కారిన వేడి కొవ్వులో పోసి కాల్చితే గిన్నెలా పొంగి, అంచులు కరకరలాడుతూ, ఆ గుంటలో రసం నిలిచేలా తయారవుతుంది. ముక్కుకు ఘాటెక్కించే హార్స్‌రాడిష్ దుంప పచ్చడి దానికి తోడు.

వీధి వెడల్పు చేయడంతో పాత కట్టడం పోయి, 1904లో కొత్తది వచ్చింది. అయినా అక్కడి ఆచారాలన్నీ మెచ్చదగినవి కావు. 1984 వరకు మధ్యాహ్న భోజన వేళ కింది హాలులో స్త్రీలకు ప్రవేశం లేదు. ఇంతటి మర్యాదగల చోట అది తీరని అన్యాయమనే నేను అంటాను. 2020లో కరోనా వచ్చి ఆ తలుపులు మూయించింది.

మాంసం కోసి వడ్డించినవారి చేతిలో అతిథి ఒక నాణెం పెట్టడం అక్కడి పాత ఆనవాయితీ. బిల్లుతో పాటు పళ్లెంలో వదిలే టిప్పు కంటే, కోసిన చేతికే నేరుగా అందే ఆ నాణెం పనితనానికి తగిన గౌరవమని నాకు అనిపిస్తుంది.